చిట్టి చేతుల శరత్తు: నడిగడ్డ నుండి నల్లమల వరకు

శరదృతువులో పిల్లలతో ఇంట్లో చేయించదగిన చేతిపనులు ఏవని నేడు ఎవరైనా సెల్‌ఫోనులో వెదికితే ఎర్రబారిన మేపుల్ ఆకులు, నారింజరంగు గుమ్మడికాయలు, పైన్ చెట్ల కాయలు కనిపిస్తాయి. అవి శీతలదేశాల వస్తువులు. అక్కడ అది ఆకు రాలే కాలం. మన దక్కను పీఠభూమిపై ఆకు రాలేది మాఘ, ఫాల్గుణాల్లో. మన శరత్తు వానలు వెనుదిరిగే కాలం. చెరువులు నిండి, జొన్నకంకి బరువుతో వంగి, పత్తికాయ పగిలి, సీతాఫలం కన్ను విచ్చే కాలం. కనుక మన పిల్లల చేతికి మన శరత్తునే అందించాలని తలచి, ఒక దసరా సెలవుల్లో మేము రెండు కుటుంబాల వారము పాత పాలమూరు నేలపై మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నాము. పెద్దలం నలుగురం, పిల్లలు ఐదుగురు. వారిలో అందరికంటే చిన్నదానికి ఐదేండ్లు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోని పట్టణాలు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు మూడూ మూడు జిల్లాల కేంద్రాలయ్యాయి. బయలుదేరే ముందు మేము ఒక నియమం పెట్టుకున్నాము. ఒక్కో జిల్లాలో ఆ నేల ఇచ్చిన వస్తువు ఏదో తెలుసుకోవాలి, దానితో ఇంట్లో సులువుగా చేసుకోగల పని నేర్చుకోవాలి, బజారులో ఆటవస్తువు ఒక్కటీ కొనకూడదు. చేతిపనులు నేర్చుకోవడానికే వెళ్ళాము. అయితే పిల్లల చేతుల గురించి ఆ నేల మాకు మరొక సంగతి కూడా నేర్పింది.

పడుగూ పేకా

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న భూమికి నడిగడ్డ అని పేరు. దానికి ముఖ్యపట్టణం గద్వాల. పదిహేడవ శతాబ్దంలో సోమనాద్రి కట్టించిన మట్టికోట గోడలు పట్టణం నడిబొడ్డున నేటికీ నిలిచి ఉన్నాయి. అయితే గద్వాల పేరును దేశదేశాలకు మోసుకుపోయింది కోట కాదు, చీర. ఆ చీర ఒడలంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలుకూ పట్టుకూ స్వభావం వేరు, సాగుడు వేరు. ఈ రెండింటినీ మగ్గంపైనే ఒక్క బట్టగా కలపడమే ఇక్కడి నేతగాళ్ళ విద్య. ఆ కలయికను ‘కుట్టు’ అంటారు గాని అది సూదితో వేసిన కుట్టు కాదు. ఒక పోగు మరొక పోగును పెనవేసుకొని వెనుదిరుగుతుంది, అంతే. ఈ పనితనానికే గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఒక నేత ఇంటి వసారాలో గుంట మగ్గం ముందు మా పిల్లలు చాలాసేపు నిలబడిపోయారు. కాళ్ళు గుంటలో తొక్కుడు చెక్కలపై ఆడుతుంటే, పడుగు పోగులు రెండు పాయలుగా విడిపోవడం, నడుమ నుండి నాడె దూసుకుపోవడం వారికి ఇంద్రజాలంలా తోచింది. “పోగు తెగితే ఏం చేస్తారు తాతా?” అని మా పిల్లవాడు అడిగాడు. “ముడేస్తం బిడ్డా. తెగినకాడ ముడేస్తం, మళ్ల నేస్తం” అన్నాడు ఆ పెద్దాయన, చేయి ఆపకుండానే.

ఆ సాయంత్రం బసలో ఒక అట్టపెట్టె మూతతో మగ్గం తయారయింది. చేసుకునే విధానం ఇది. ఇరవై సెంటీమీటర్ల పొడవు, పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు గల గట్టి అట్ట తీసుకోవాలి. పొడవాటి అట్టకు పై అంచున, కింది అంచున అర సెంటీమీటరు ఎడంతో పదమూడేసి చిన్న గాట్లు పెట్టాలి. కత్తెర పని పెద్దలదే. గట్టి నూలుదారపు కొసను అట్ట వెనుక అంటించి, పైగాటు నుండి కిందిగాటుకు, వెనుకగా తిప్పి మళ్ళీ పైన రెండవ గాటుకు, ఇలా చివరిదాకా బిగువుగా చుట్టాలి. ముందువైపు పదమూడు నిలువు పోగులు నిలుస్తాయి. అదే పడుగు. పాత చీర, దుపట్టా వంటి మెత్తని బట్టను వేలెడు వెడల్పు పట్టీలుగా చింపి, మొద్దుకొన గల పెద్ద సూదికి ఎక్కిస్తే అదే పేక. మొదటి వరుసలో ఒక పోగు పైనుండి, మరొక పోగు కిందినుండి పోనివ్వాలి. రెండవ వరుసలో దానికి సరిగ్గా తలకిందులు. ప్రతి వరుసనూ పాత దువ్వెనతో కిందికి జరిపితే నేత బిగుస్తుంది. పేకను గట్టిగా లాగితే మాత్రం బట్ట నడుము సన్నబడిపోతుంది.

పదేండ్లు దాటిన పిల్లలైతే గద్వాల అంచును కూడా ప్రయత్నించవచ్చు. అంచుకు ఒక రంగు పట్టీ, నడుమకు మరొక రంగు పట్టీ వేరువేరుగా నేస్తూ, రెండూ ఎదురైన చోట ఒకదానిని మరొకటి చుట్టుకొని వెనుదిరిగేటట్లు చేయాలి. అలా చుట్టుకోకపోతే ఆ చోట చీలిక మిగులుతుంది. ఈ చిన్న సూత్రం చేతికి తెలిసిన తరువాత మా పెద్దమ్మాయి తన తల్లి చీర అంచును తిప్పి తిప్పి చూసుకుంది. నేత పూర్తయ్యాక వెనుక దారాలు కత్తిరించి, కొసలను రెండేసి చొప్పున ముడివేస్తే, చివరి ముడి మూడింటితో పడుతుంది. పుస్తకంలో గుర్తుకు పెట్టుకోవడానికో, గ్లాసు కింద వేసుకోవడానికో చక్కని చిన్న వస్త్రం సిద్ధం.

పత్తిచేలల్లో ఒక ప్రశ్న

మరునాటి ఉదయం గద్వాల దాటి పల్లెదారుల్లో వెళ్తుండగా ఇరువైపులా పత్తిచేలు. ఇవి సాధారణ పత్తి కాదు, విత్తన పత్తి. దేశమంతటా రైతులు నాటే సంకరజాతి పత్తివిత్తనాలను పెద్దయెత్తున పండించే నేలల్లో నడిగడ్డ ఒకటి. ఆ విత్తనం తయారు కావాలంటే ప్రతి పువ్వుకూ మనిషి చేయి తగలాలి. సాయంత్రం వేళ మరునాడు విచ్చబోయే మొగ్గను ఎంచి, దాని రేకులూ కేసరాలూ లోపలి అండానికి దెబ్బ తగలకుండా గోటితో తొలగిస్తారు. మరునాటి ఉదయం మగమొక్క పువ్వు తెచ్చి, దాని పుప్పొడిని ఆ మొగ్గ కీలాగ్రానికి అద్దుతారు. స్థానికులు దీనిని క్రాసింగ్ అంటారు. వానకాలం నడుమ మొదలై శరత్తు దాకా వారాల తరబడి ఒక్క పూట కూడా తప్పకుండా సాగవలసిన పని ఇది. పువ్వు ఎవరి కోసమూ ఆగదు కదా.

ఈ పనికి ఏండ్ల తరబడి పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను పెట్టుకున్న చరిత్ర ఈ ప్రాంతానికి ఉంది. పిల్లల వేళ్ళు సన్ననివి, మొగ్గ నలగదు, మొక్క ఎత్తుకు వారు సరిపోతారు అన్నది వినవచ్చే సమర్థన. అసలు కారణం అంతకంటే సరళం. పిల్లల కూలి తక్కువ, పిల్లలు ఎదురు చెప్పరు. స్వచ్ఛంద సంస్థల కృషి వల్ల, బడుల వల్ల, చట్టం వల్ల పరిస్థితి మునుపటి కంటే మారింది. కాని బడి సెలవుల్లో చేలవైపు చూస్తే పని పూర్తిగా పెద్దల చేతికి మారలేదని తెలుస్తుంది. దారి పక్కన నీళ్ళకోసం ఆగినప్పుడు, మా పిల్లల ఈడు అమ్మాయిలు ఇద్దరు గట్టున కూర్చుని సద్ది తింటున్నారు. వారి వేళ్ళ కొసలు పసరుతో నల్లబడి ఉన్నాయి. మా చిన్నది తన అట్టమగ్గం వస్త్రాన్ని చూపితే, వారిలో ఒక అమ్మాయి దానిని పట్టుకోబోయి, చేయి మాసిపోయిందని వెనక్కి తీసుకుంది. “సెలవులే గదక్కా, ఇంట్ల ఉండి ఏం జేస్తరు?” అంది పక్కనున్న తల్లి, మేము అడగకముందే.

ఆ మాటలో నిర్దయ లేదు. వానకు నమ్మకంలేని నేలలో, కూలికోసం దూరనగరాలకు వలసపోవడం తరతరాలుగా తెలిసిన జిల్లాలో, అప్పుచేసి పెట్టుబడి పెట్టిన కుటుంబం అది. విత్తనానికి ధర నిర్ణయించేది రైతు కాదు. మధ్యవర్తి ముందుగా ఇచ్చిన అప్పు, పంట చేతికి వచ్చినప్పుడు లెక్కలోకి వస్తుంది. ఆ లెక్క ఎక్కడా సరిపడనప్పుడు ఇంట్లోని అత్యంత చవకైన చేతులు పొలానికి పోతాయి. కారణం అర్థమైనంత మాత్రాన పని సమ్మతం కాదు. 1986 నాటి బాలకార్మిక నిషేధ చట్టానికి 2016లో జరిగిన సవరణ ప్రకారం పద్నాలుగేండ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ నియమించరాదు. బడి వేళలు దాటాక, సెలవుల్లో, సొంత కుటుంబపు పనిలో సాయానికి మాత్రం చట్టం వెసులుబాటు ఇచ్చింది, అదీ ప్రమాదకరం కానప్పుడే. పురుగుమందు చల్లిన చేను పిల్లల ఊపిరికి ప్రమాదకరం కాదని ఎవరు చెప్పగలరు?

మేము కారెక్కాక చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. పెద్దపిల్లవాడే అడిగాడు: “మేము చేసిందీ చేతిపనే, వాళ్ళు చేసిందీ చేతిపనే. తేడా ఏమిటి?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికి మాకు రెండు హదీసులు జ్ఞప్తికి వచ్చాయి. హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) చెప్పిన విషయం ప్రామాణిక హదీసు గ్రంథాల్లో ఉంది. మదీనాలో ఆషూరా ఉపవాసం నాడు తల్లిదండ్రులు తమ పిల్లలచేత కూడా ఉపవాసం ఉంచేవారు. వారికోసం ఉన్నితో ఆటబొమ్మలు చేసి ఉంచేవారు. పిల్లలు ఆకలికి ఏడిస్తే, ఇఫ్తార్ వేళ దాకా ఆ బొమ్మతో వారిని మరపించేవారు. రెండవది హజ్రత్ ఆయిషా (రజి) ఆటవస్తువుల్లో గుడ్డపీలికలతో రెండు రెక్కలు పెట్టిన ఒక గుర్రం ఉండడం. గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడిగితే, సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని వినలేదా అని ఆమె ఎదురడిగారు. ఆయన (స) దంతాలు కనిపించేలా నవ్వారు. ఇది అబూదావూద్ గ్రంథంలో ఉంది.

ఈ రెండింటిలోనూ చేతిపని ఉంది. మొదటిదానిలో పెద్దల చేతులు పిల్లల కోసం పనిచేశాయి. రెండవదానిలో పిల్ల ఊహకు గుడ్డపీలిక రెక్కలు తొడిగింది, పెద్దవారు దానిని చూసి నవ్వడానికి తీరిక చేసుకున్నారు. చేలో జరిగేది దీనికి తలకిందులు. అక్కడ పిల్లల చేతులు పెద్దల కోసం పనిచేస్తున్నాయి. ఆటలో అలసిన పిల్ల ఆపివేయవచ్చు. కూలిలో అలసిన పిల్ల ఆపలేదు. మా పిల్లవానికి మేము చెప్పిన తేడా ఇదే.

ఆ రోజు పత్తితోనే ఒక ఆటవస్తువు చేశాము. ఒక సాధారణ పత్తిరైతు ఇచ్చిన పగిలిన కాయలు పది తెచ్చుకొని, పిల్లలు గింజల నుండి దూదిని వేళ్ళతో వేరుచేశారు. పది కాయలకు అరగంట పట్టింది. ఒక కుర్తాలో ఎంత శ్రమ ఉందో అప్పుడు తెలిసింది. పూర్వం ఈ దూదిని వింటినారితో ఏకి, పరుపులూ బొంతలూ నింపడం మన దూదేకుల సోదరుల కులవృత్తి. యంత్రాలు వచ్చాక ఆ వింటి చప్పుడు పల్లెల్లో వినిపించడం అరుదైంది. ఇరవై సెంటీమీటర్ల అడ్డుకొలత గల గుండ్రని బట్టముక్క కత్తిరించి, అంచు వెంబడి పెద్దకుట్లు వేసి, దారాన్ని కాస్త లాగితే సంచిలా ముడుచుకుంటుంది. అందులో దూది దట్టించి, దారం పూర్తిగా బిగించి ముడివేస్తే మెత్తని బంతి. దట్టించడం ఐదేండ్ల పిల్ల కూడా చేయగలదు. ఇంట్లో విసిరినా ఏదీ పగలదు.

బెండు బండి

ఎర్రవల్లి చౌరస్తా వద్ద జాతీయ రహదారి ఎక్కి, బీచుపల్లి వద్ద నిండుకృష్ణను దాటితే వనపర్తి జిల్లా. పెబ్బేరు మీదుగా పట్టణానికి చేరుకున్నాము. వనపర్తి సంస్థానాధీశుల రాజప్రాసాదంలో చాలాకాలంగా పాలిటెక్నిక్ కళాశాల నడుస్తోంది. రాజులు కూర్చున్న చోట రైతుబిడ్డలు ఇంజనీరింగు చదువుకోవడం చూసి మా పిల్లలు ముచ్చటపడ్డారు. ఈ సంస్థానం తవ్వించిన పెద్దచెరువులను సప్తసముద్రాలు అని పిలుస్తారు. శ్రీరంగాపురంలోని రంగసముద్రం వాటిలో ఒకటి. సముద్రం చూడని నేల తన చెరువులకు సముద్రమని పేరు పెట్టుకోవడంలో నీటి మీద ఎంత ఆశ ఉందో!

చెరువు కింద వరి, గట్టుమీది నేలల్లో ఇప్పటికీ అక్కడక్కడ జొన్న. ఒకప్పుడు పాలమూరు పల్లెలకు పచ్చజొన్న రొట్టె, గటకే ప్రధానాహారం. పత్తీ, మక్కా వచ్చాక జొన్న వెనక్కి తగ్గింది. దానితోపాటు వెనక్కి తగ్గిన మరొక వస్తువు, జొన్నదంటుతో పిల్లలు చేసుకునే బండి. కోత కోశాక ఎండిన సొప్పలో పైన గట్టి పేడు, లోపల తెల్లని మెత్తని బెండు ఉంటాయి. మేకు, జిగురు, దారం ఏవీ లేకుండా ఈ రెండింటితోనే కళ్ళజోడు మొదలు ఎడ్లబండి దాకా అన్నీ చేయవచ్చు. వనపర్తి దగ్గరి ఒక పల్లెలో జొన్న కోసిన పొలం గట్టున ఒక అవ్వ మా పిల్లలకు అది నేర్పింది. ఆమె చేతిలో కొడవలి, ముందర పిల్లల గుంపు.

విధానం ఇలా ఉంటుంది. బొటనవేలి లావు గల ఎండుదంట్లు నాలుగైదు తీసుకొని, కణుపుల వద్ద ముక్కలు చేయాలి. పైపేడును పొడవాటి పట్టీలుగా ఒలవాలి. ఇది పూర్తిగా పెద్దలు చేయవలసిన పని. పేడు అంచు కత్తిలా వేలిని కోస్తుంది. ఒలిచిన పేడును అగ్గిపుల్ల సన్నదనానికి చీల్చి ఉంచుకోవాలి. అవే మేకులు. చక్రానికి రెండంగుళాల బెండుముక్కలు రెండింటిని అడ్డంగా, నిలువుగా కూడలిలా గుచ్చితే నాలుగు ఆకులు ఏర్పడతాయి. పొడవాటి పేడుపట్టీని నీటిలో తడిపి గుండ్రంగా వంచి, ఆకుల కొసల చుట్టూ చుట్టి, ఒక్కో కొసలో పేడుమేకు దిగ్గొడితే చక్రం. అలాంటివి రెండు. నడుమ లావు పేడుముక్క ఇరుసు. దానిపై రెండు పొడవాటి బెండ్లు ముందుకు దగ్గరయ్యేలా పెడితే నొగలు. నొగల మీద అడ్డంగా చిన్నబెండ్లు వరుసగా గుచ్చితే బండితట్ట. చివర అడ్డంగా ఒక ముక్క పెడితే కాడి.

మా పిల్లలు చేసిన మొదటి బండికి చక్రాలు కోడిగుడ్డు ఆకారంలో వచ్చాయి. అది ఎగురుకుంటూ నడుస్తుంటే అవ్వ నవ్వి, “గతుకులల్ల నడిచే బండి ఇది” అంది. నొగ, ఇరుసు, కాడి, ఆకు అన్న మాటలు మా పిల్లలకు అంతకుముందు తెలియవు. వస్తువు పోతే మాట కూడా పోతుంది. వస్తువును చేతితో చేసిన పిల్ల ఆ మాటను మరచిపోదు. నగరంలో జొన్నదంటు దొరకనివారు పశువుల మేత అమ్మే చోట అడిగితే ఎండుసొప్ప కట్ట దొరుకుతుంది.

ఆకు మీద అన్నం

మూడవ రోజు వనపర్తి నుండి ఈశాన్యంగా నాగర్‌కర్నూలు వెళ్ళాము. పట్టణాన్ని ఆనుకొని కేసరి సముద్రం అనే చెరువు. అక్కడి నుండి అచ్చంపేట మీదుగా మన్ననూరు చేరితే నల్లమల మొదలవుతుంది. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రివేళ ఈ అడవిదారిని మూసివేస్తారు, కనుక పగటిపూటనే వెళ్ళి తిరిగిరావాలి. లోపల ఫరహాబాద్ అనే చోటు ఉంది. ఫరహ్ అంటే ఆనందం. నిజాం కాలం నుండి నిలిచిన పేరు. వాన వెలిసిన శరత్తులో ఆ లోయ మీద నిలబడినవారికి ఆ పేరు ఎందుకు పెట్టారో ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ అడవి చెంచుల ఇల్లు. తేనె, బంక, ఆకులు, గడ్డలు సేకరించి బ్రతికిన ఆదివాసులు వారు. తేనెపట్టు మొత్తం కోయకుండా కొంత మిగిల్చి రావడం వారి పెద్దలు నేర్పే మర్యాద. అడవి నుండి ఏదైనా తీసుకోవాలంటే ముందుగా ఎంత మిగల్చాలో తెలియాలన్న ఆ నీతిని మేము మా పిల్లలకు చెప్పి, అభయారణ్యంలో ఒక్క ఆకు కూడా తుంచలేదు. కావలసిన మోదుగాకులు తిరుగుదారిలో, అడవి దాటాక, బీడుభూమి గట్టుమీద దొరికాయి. మోదుగకు ఒక్కో కాడకు మూడు ఆకులు. వానల తరువాత అవి అరచేయి అంత వెడల్పుగా, ముదురుగా, తోలులా గట్టిగా ఉంటాయి. విస్తరికి సరైన అదను ఇదే.

తెలంగాణ పల్లెల్లో పెండ్లి అయినా, ఫాతిహా భోజనమైనా ఒకప్పుడు ఇస్తరాకుల మీదనే వడ్డన. ప్లాస్టిక్ పూత పూసిన కాగితపు పళ్ళాలు వచ్చాక ఆ కుట్టుడు చాలా ఇండ్లలో ఆగిపోయింది. కుట్టడానికి కావలసినవి ఆకులూ, సన్నని చీపురు పుల్లలూ మాత్రమే. ఆకులను కడిగి, తుడిచి, కాడలు తీసివేయాలి. నడుమ ఒక ఆకు పెట్టి, చుట్టూ ఆరు ఆకులను ఒకదానిపై ఒకటి రెండంగుళాలు ఎక్కేలా పేర్చాలి. రెండు ఆకులు కలిసిన చోట పుల్లను కిందికి గుచ్చి, వెంటనే పైకి తీసి, మిగిలిన పుల్లను విరచాలి. ఒక కుట్టు పడింది. అలా చుట్టూ కుట్టి, బరువైన పుస్తకాల కింద రెండు రోజులు ఉంచితే చదునుగా ఆరుతుంది. చిన్నపిల్లలకు డొప్ప సులువు. ఒక పెద్ద ఆకుకు నాలుగు మూలలు మడిచి, ఒక్కో మూలకు ఒక్కో పుల్ల గుచ్చితే చాలు. మోదుగ దొరకని ఇంట్లో బాదం ఆకు, అరటాకు ముక్క ఆ పనికి వస్తాయి. పుల్ల విరిగిన కొసలు మిగలకుండా పెద్దలు ఒకసారి వేలితో తడిమి చూడాలి.

అచ్చంపేట దారిలో గంపల నిండా సీతాఫలాలు. పాలమూరు గుట్టల మీద ఎవరూ నాటకుండానే కాసే పండు ఇది. మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరే ఒక సీతాఫలం రకానికి పేరయింది. మేము తిన్న పండ్ల గింజలను మా పిల్లలు కడిగి, ఎండబెట్టి దాచారు. నల్లగా నిగనిగలాడే ఆ గింజలతో అట్టమీద ఎనిమిది మూలల నక్షత్రం పేర్చవచ్చు. రెండు సమాన చతురస్రాలను ఒకదానిపై ఒకటి ఓరగా గీస్తే ఆ నక్షత్రం వస్తుంది. మన పాత మసీదుల జాలీల్లో, గోడల మీద తరచుగా కనిపించే ఆకృతి ఇదే. గీత మీద జిగురు రాసి గింజలు అంటిస్తే సరి. అయితే ఒక హెచ్చరిక. సీతాఫలం గింజలో విషగుణం ఉంది. దానిని దంచరాదు, పొడి కంట పడితే చాలా ప్రమాదం. నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు గింజలు అందనివ్వరాదు. వారికి చింతగింజలు కూడా వద్దు, గొంతులో అడ్డుపడతాయి. వారికి దూదిబంతి చాలు.

ఇంట్లో పాటించవలసినవి

ఈ పనులకు పెద్దగా ఖర్చు లేదు. ఖర్చయ్యేది పెద్దల సమయం మాత్రమే. అసర్ నమాజు తరువాత మగ్రిబ్ దాకా ఉన్న వెలుగు ఇందుకు చాలు. ఫోను మరొక గదిలో ఉంచి, తల్లిదండ్రుల్లో ఒకరైనా నేలమీద పిల్లల పక్కన కూర్చోవాలి. కోసే పని, ఒలిచే పని పెద్దలది. దూర్చే పని, పేర్చే పని, దట్టించే పని పిల్లలది. వంకర వచ్చిన చక్రాన్ని పిల్ల నిద్రపోయాక సరిదిద్దరాదు. పక్కింటి పిల్లతో పోల్చరాదు. అన్నిటికంటే ముఖ్యంగా, పిల్ల “చాలు” అన్నప్పుడు పని ఆగిపోవాలి. ఆ ఒక్క మాటకు విలువ ఉన్నంతవరకే అది ఆట. ఆ మాట చెల్లని చోట, పని ఎంత చిన్నదైనా, అది చాకిరీ.

అందుకే ఈ వ్యాసాన్ని చేతిపనుల జాబితాతో ముగించలేము. మన ఇంటి పిల్ల అట్టమగ్గం మీద నేస్తున్న అదే సాయంత్రం, నడిగడ్డ చేలో మరొక పిల్ల మొగ్గ రేకులు గోటితో ఒలుస్తూ ఉండవచ్చు. విత్తన పత్తి వేసే సోదరులు మన పాఠకుల్లోనూ ఉన్నారు. క్రాసింగుకు పెద్దవారినే పెట్టుకొని, ఆడమనిషికీ మగమనిషికీ సమానమైన కూలి ఇచ్చినప్పుడు ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఆ పెరిగిన ఖర్చును విత్తనం ధరలో కలపమని రైతులు ఒక్కటై కంపెనీలను అడగవచ్చు. పిల్లల కూలితో తగ్గించుకున్న ఖర్చు లాభం కాదు. అది ఆ పిల్ల నుండి తీసుకున్న అప్పు, దానికి లెక్క చెప్పవలసిన రోజు ఒకటుంది. ఆరు నుండి పద్నాలుగేండ్ల దాకా ప్రతి పిల్లకూ ఉచిత విద్య హక్కు అని చెప్పే చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. చేలో పిల్లలు కనిపిస్తే ముందు తల్లిదండ్రులతో మృదువుగా మాట్లాడాలి. బడి ఉపాధ్యాయునికి చెప్పాలి. వినని చోట పిల్లల సహాయవాణి 1098కు తెలపాలి.

ఇంకొక పని ప్రతి ఇల్లూ చేయగలదు. సెలవుల్లో “ఇంట్ల ఉండి ఏం జేస్తరు?” అన్న ఆ తల్లి ప్రశ్నకు జవాబు ఊళ్ళో ఎక్కడా లేకపోవడం కూడా పిల్లలు చేలకు పోవడానికి ఒక కారణం. మసీదు పక్కన వరండా ఉంది, బడికి ఆవరణ ఉంది, మన ఇంటికి అరుగు ఉంది. ఈ దసరా సెలవుల్లో రోజుకు రెండు గంటలు ఊరి పిల్లలందరినీ, ఏ మతంవారైనా, అక్కడ కూర్చోబెట్టి ఒక అవ్వచేత బెండుబండి, ఒక నేతతాతచేత పడుగూ పేకా నేర్పించవచ్చు. అవ్వకూ తాతకూ గౌరవం దక్కుతుంది. పొలానికి పోయిన తల్లికి పిల్ల ఎక్కడ ఉందోనన్న బెంగ ఉండదు. వచ్చిన పిల్లలకు వారు స్వయంగా కుట్టిన డొప్పలోనే నాలుగు ఖర్జూరాలు, గుప్పెడు పేలాలు పెడితే ఆ రోజుకు అదే కూలి. సన్నని వేళ్ళు అల్లాహ్ పిల్లలకు ప్రసాదించినది నేర్చుకోవడానికి. ఆ వేళ్ళకు ఈ శరత్తులో ఏ పని అందిస్తామన్నది మన చేతిలో ఉంది.